ఎవాల్డ్ పియోంటెక్ కనిపెట్టిన శాంతి ఆట

పాచిక బల్ల మీంచి జారి కింద పడితే ఆ పందెం చెల్లుతుందా, చెల్లదా? ఈ ప్రశ్న మీద మానవజాతి ఇంతవరకూ ఒక మాట మీదికి రాలేదు. ముప్ఫయ్యేళ్ళు ఒకరినొకరు నరుక్కున్న రాజులు చివరికి మా వెస్ట్‌ఫాలియాకే వచ్చి కూర్చుని సంధి రాసుకున్నారు. ఎవరికి ఏ కోట, ఎవరికి ఏ మతం, అన్నీ తేల్చుకున్నారు. కింద పడిన పాచిక జోలికి మాత్రం పోలేదు. పెద్దలు అలా వదిలేసిన పనిని హెర్నె పట్టణంలో, మా గని కాలనీలో, పియోంటెక్ వారి వంటింట్లో ఒక గురువారం సాయంత్రం చేపట్టారు. తీర్పు తేలలేదు గానీ ఒక ముంజేతి ఎముక విరిగింది, రెండు పళ్ళు ఊడాయి.

పియోంటెక్ వంశంలో ఆటల చరిత్ర అంటే ఆస్పత్రి చరిత్రే. తూర్పు నుంచి ఒక పెట్టె, ఒక నలుపు తెలుపు గళ్ళ బోర్డు పట్టుకుని గని పనికి వచ్చిన తాతగారు, పావు ముట్టుకున్నాక జరిపి తీరాలన్న సూత్రాన్ని నిలబెట్టడానికి చర్చి ఫాదరు నుదురు ఆ బోర్డు అంచుతోనే చీల్చారు. ఫాదరు కూడా తక్కువ తినలేదు. తాతగారి కుడి చెవి ఆ రోజుతో వినడం మానేసింది. తండ్రిగారి హయాంలో ఒక దగ్గరి చుట్టం, రెండు గళ్ళు ఎక్కువ జరిపిన నేరానికి, బొటనవేలి కొస పోగొట్టుకున్నాడు; కొరికింది తండ్రిగారే. ఆటకి ఎవరైనా వస్తున్నారంటే తల్లిగారు ముందు సూదీ దారం మరిగే నీళ్ళలో వేసేవారు. కాఫీ నీళ్ళు ఆ తర్వాత పెట్టేవారు.

ఇలాంటి వంశంలో ఎవాల్డ్ చెయ్యి ఎత్తని మనిషిగా పుట్టాడు. దున్నపోతంత శరీరం, పిల్లి నడక. గని పైన ఇంజను గదిలో పని. భూమిలోకి మనుషుల్ని దించే ఇనప బోను ఆయన చేతి లివరు మీద వేలాడుతుంది. ఆ గదిలో ఇంజను నడిపేవాడితో ఎవరూ మాట్లాడకూడదని గోడ మీద ఎర్రక్షరాలతో రాసి ఉంటుంది. గంట మోగుతుంది, ఎవాల్డ్ లివరు లాగుతాడు. మళ్ళీ గంట మోగుతుంది, మళ్ళీ లాగుతాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆయనతో మాట్లాడేది ఆ గంట ఒక్కటే. ఇంటికొస్తే భార్య ఇర్మ్‌ట్రౌట్ గని లాండ్రీలో మసిబట్టలు ఉతికి అలిసిపోయి ఉండేది. కాబట్టి వారమంతా నోట్లో పేరుకున్న మాటలు గురువారం సాయంత్రం ఏడింటికి బయటికొచ్చేవి. ఆ వేళకి తమ్ముడు జీగ్మార్, ఇర్మ్‌ట్రౌట్ అన్న ఆల్ఫోన్స్ వచ్చి బల్ల దగ్గర కూర్చునేవారు. ఎవాల్డ్ మాట్లాడుతూనే ఉండేవాడు. వాళ్ళు వినేవాళ్ళు కారు. ఆయన అంత ఆశ కూడా పెట్టుకోలేదు. తను మాట్లాడుతుంటే ఎదురుగా రెండు మొహాలుంటే చాలు.

ఆ గురువారం జీగ్మార్ వేసిన పాచిక బల్లకి కొట్టుకుని ఎగిరి బంగాళాదుంపల సలాడు గిన్నెలో పడింది. జీగ్మార్ గని అడుగున బొగ్గు కొట్టేవాడు, చెయ్యి వేగం ఎక్కువ. ఒక దుంప ముక్క పైకెత్తి కింద చూశాడు.

"ఆరు! చూడండి, మయొనైజ్ కింద ఆరు చుక్కలు!"

"కింద పడ్డది చెల్లదు," అన్నాడు ఆల్ఫోన్స్. ఆయన బొగ్గుని కాల్చి కోక్ చేసే బట్టీలో పని చేసేవాడు, ఇంటి మీద పందెం పావురాల్ని పెంచేవాడు. రెండు చోట్లా రూలంటే రూలే.

"కింద ఎక్కడ పడిందిరా? గిన్నె బల్ల మీదే ఉందిగా."

"గిన్నె బల్ల కాదు."

"నీ తల కూడా మెడ మీదే ఉంది. దాన్ని మేం తల అనుకోవట్లేదూ?"

ఆల్ఫోన్స్ ముక్కాలిపీట ఎత్తాడు. జీగ్మార్ ముంజేయి అడ్డం పెట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. జీగ్మార్ రెండో చేత్తో సలాడు గిన్నె తీసుకుని ఆల్ఫోన్స్ నోటి మీద బోర్లించాడు. బోర్లించడం అంటే మెత్తగా చెప్పడం, గిన్నె పింగాణీది. దుంపల్లో నెత్తురు, నెత్తుట్లో పళ్ళు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని కిటికీ అద్దంలోంచి సగం బయటికి వెళ్ళినప్పుడు ఇర్మ్‌ట్రౌట్ పొయ్యి కదిపే ఇనప కడ్డీతో వచ్చింది. అన్న అని గానీ మరిది అని గానీ తేడా చూపలేదు. వీపున చెరొకటి వేసి, ఊపిరి తీసుకుని, తీర్పు చెప్పింది.

"వీళ్ళిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని, ఒకడి మీద ఒకడు చెయ్యెత్తకుండా ఒక ఆట మొదలెట్టి ముగించేదాకా ఈ ఇంట్లో గురువారం లేదు. విన్నావా ఎవాల్డ్?"

"నేనేం చేశాను?"

"కూర్చుని మాట్లాడావు."

ఆ తర్వాతి గురువారాలు ఎవాల్డ్ ఏడింటికి ఒక్కడే బల్ల దగ్గర కూర్చునేవాడు. కొన్నాళ్ళు రేడియోతో మాట్లాడి చూశాడు. రేడియో ఆయన్ని మాట్లాడనివ్వలేదు. అప్పుడు ఆయనకి తట్టింది. తప్పు తమ్ముడిలోనూ లేదు, బావమరిదిలోనూ లేదు. పాచికలో ఉంది. ఎవడికీ కట్టుబడని గుడ్డి ముక్క మధ్యలో పడి మనుషుల్ని విడగొడుతోంది. పాచిక లేని ఆట కావాలి. ఒకరి బతుకు మరొకరి చేతిలో ఉండే ఆట. గనిలో అలాగే కదా? కప్పు కూలకుండా కట్టె పెట్టేవాడు లేకపోతే తవ్వేవాడు చస్తాడు, పంపు దగ్గరివాడు నిద్రపోతే అందరూ చస్తారు. అందుకే కింద ఎవడూ ఎవణ్ణీ కొట్టడు, పైకొచ్చాకే కొట్టుకుంటారు. ఆ కిందిదాన్ని తెచ్చి అట్టముక్క మీద పెడితే ఇక పోట్లాట ఎక్కడిది?

ఈ తర్కంలో ఒక దోషం ఉంది. దాన్ని తర్వాత ఆస్పత్రివాళ్ళు కనిపెట్టారు.

మా దేశంలో ఆటలు కనిపెట్టేవాళ్ళకి కరువు లేదు. పళ్ళ డాక్టర్లు, లెక్కల మాస్టార్లు, పాస్టర్లు కూడా సాయంత్రాలు కత్తెరా జిగురూ పట్టుకుని కూర్చుంటారు. వాళ్ళకొక సంఘం, సంఘానికొక పత్రిక. ఎవాల్డ్ ఆ పత్రిక తెప్పించుకుని ఒక సలహా మనసులో నాటుకున్నాడు: కొత్త ఆటని పరీక్షించేటప్పుడు కర్త బల్ల పక్కనే కూర్చోవాలి, నోరు మాత్రం మెదపకూడదు. వివరించకూడదు, సర్దిచెప్పకూడదు, కలగజేసుకోకూడదు. ఆట తన మాట తనే చెప్పుకోవాలి. మాట్లాడకుండా కూర్చోవడంలో ఎవాల్డ్‌కి ఇరవయ్యేళ్ళ అనుభవం ఉంది.

రైలు పట్టాల పక్కన ఆయనకొక అద్దె తోట ముక్క, అందులో ఒక చెక్క గది. అక్కడ ఆట పుట్టింది. ఇర్మ్‌ట్రౌట్ కోటు గుండీలు కూలీలయ్యారు. అగ్గిపుల్లలు కట్టెలు. నల్ల రంగు పూసిన ఎండు బఠాణీలు బొగ్గు. నీలం పూసలు నీళ్ళు. మూడు గనులు, మనిషికొకటి. బొగ్గు తవ్వాలంటే కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టాలి. కట్టెలు ముగ్గురికీ ఒకే కుప్ప. కుప్ప తరిగినకొద్దీ, గాలి ఎంతుందో చూపే ముల్లు కిందికి దిగుతుంది. గాలి తగ్గితే గుండీలు సగం పనే చేస్తాయి. గాలి కావాలంటే పక్క గనికి మధ్య ఉన్న గాలి తలుపు తెరవాలి, తెరిస్తే నీళ్ళు పక్కవాడి గనిలోకి పోతాయి. నీళ్ళు తోడాలంటే పంపు కావాలి, పంపుకి బొగ్గు కావాలి. బొగ్గుకి మళ్ళీ కట్టెలు. ఎక్కడ ముట్టుకున్నా మొత్తం కదులుతుంది. ఎవాల్డ్ ఒక అగ్గిపుల్ల తీసి, బల్ల అంతా కదలడం చూసి, కళ్ళు తుడుచుకున్నాడు.

మొదటి పరీక్ష ఒక శనివారం మధ్యాహ్నం ఆ తోట గదిలోనే జరిగింది. జీగ్మార్ చేతికి ప్లాస్టర్ కట్టు. ఆల్ఫోన్స్‌కి కొత్త పళ్ళు, 'స' పలికితే ఈల వేస్తున్నాయి. ఇద్దరూ ఉల్లిపాయ చల్లిన పచ్చి పంది కైమా రొట్టెలు తింటూ, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఆడారు. మూడో గని ఎవాల్డ్ నోరు మెదపకుండా తనే నడిపాడు.

"ఎవాల్డ్, మీ తమ్ముడితో చెప్పు, కట్టెలన్నీ వాడి బాబు సొత్తు కాదని."

ఆ బాబు తన బాబు కూడానని ఎవాల్డ్ అనబోయి, కర్తనని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"ఎవాల్డ్, ఆ పావురాలోడితో చెప్పు, గాలి తలుపు ముట్టుకుంటే వేళ్ళు మిగలవని."

ఆల్ఫోన్స్‌కి గాలి కావాలి. తలుపు తెరిచాడు. నీలం పూసలు రూలు ప్రకారం జీగ్మార్ గనిలోకి జరిగాయి. ఐదు గుండీలు మునిగాయి.

"నా మనుషుల్ని చంపావు," అన్నాడు జీగ్మార్, ఈసారి తిన్నగా.

"నేను గాలి పీల్చుకున్నాను, అంతే."

"వాళ్ళు నీళ్ళు పీల్చుకున్నారు!"

ప్లాస్టర్ కట్టు ఆయుధంగా పనికొస్తుందని వైద్యశాస్త్రం ఇంకా గుర్తించలేదు. జీగ్మార్ గుర్తించాడు. మొదటి దెబ్బకి ఆల్ఫోన్స్ చెవి తమ్మె చీలింది. ఆల్ఫోన్స్ తోట పార కర్రతో మోకాళ్ళ మీద కొట్టాడు. చెక్క గోడ ఒకటి బయటికి పడింది, గోడతోపాటు వాళ్ళూ పడ్డారు. డేలియా మొక్కల్లో దొర్లుతూ, మట్టి నోట్లో కుక్కుకుంటూ, పక్క తోట కంచె దాకా వెళ్ళారు. ఎవాల్డ్ పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. సలహా స్పష్టంగా ఉంది: కలగజేసుకోకూడదు. ఇద్దరూ అలిసి, నెత్తురు కారుతూ లోపలికొచ్చాక అప్పుడు అడిగాడు.

"గాలి మరీ తొందరగా తగ్గుతోందంటారా?"

ఆల్ఫోన్స్ కొత్త పన్నొకటి బోర్డు మీద ఉమ్మాడు. అది సరిగ్గా పంపు గడిలో పడింది.

ఎవాల్డ్ గోడని మళ్ళీ నిలబెట్టి, ఆటని దిద్దాడు. చెప్పకుండా తలుపు తెరవడమే గొడవకి మూలమని తేల్చి, పక్కవాడు నోరు తెరిచి 'సరే' అంటేనే తెరవాలని రూలు పెట్టాడు. రెండో పరీక్షలో ఎవడూ సరే అనలేదు. బీరు అయిపోయేదాకా అనలేదు. గాలి ముల్లు అడుక్కి దిగింది, మూడు గనుల్లో గుండీలు చచ్చిపడ్డాయి. ఆల్ఫోన్స్ లేచి గుమ్మం పట్టుకుని బయటికి చూస్తుండగా జీగ్మార్ తలుపు వేశాడు, ఆయన వేళ్ళ మీద.

"తెరవడానికే నీ సరే కావాలి. వెయ్యడానికి ఎవర్నీ అడగక్కర్లేదు!"

ఆల్ఫోన్స్ అరుపుకి పట్టాల అవతల కుక్కలు మొరిగాయి. నలిగిన చేత్తోనే జీగ్మార్ మెడ పట్టుకుని బయటికీడ్చి, వాననీటి పీపాలో తల ముంచాడు.

"తోడుకో! ఇప్పుడు తోడుకో నీళ్ళు! బొగ్గుందా పంపుకి?"

జీగ్మార్ కాళ్ళు గాల్లో తన్నుకున్నాయి. తర్వాత తన్నుకోలేదు. ఎవాల్డ్ అప్పటిదాకా కర్తలాగానే కూర్చున్నాడు. కాళ్ళు ఆగిపోవడం చూశాక సంఘం సలహా, పత్రిక, అన్నీ మరిచి పరుగెత్తి బావమరిదిని ఒక తోపు తోసి తమ్ముణ్ణి బయటికి లాగాడు. మొహం నీలంగా ఉంది. వీపు మీద గుద్దగా గుద్దగా నీళ్ళు, కైమా, చివరికి ఒక బూతుమాట బయటికొచ్చాయి. ఆ బూతుమాట విని ఎవాల్డ్ గడ్డిలో కూలబడి ఏడ్చాడు. ఆల్ఫోన్స్ చితికిన వేళ్ళు చంకలో పెట్టుకుని, తను చేసిన పని కొత్తగా చూస్తున్నట్టు పీపా వంక చూస్తూ నిలబడ్డాడు.

ఇక్కడ బుద్ధిమంతుడు ఆట మానేసేవాడు. ఎవాల్డ్ ఇంజను గదికి వెళ్ళాడు. ఆయన చేతి కింద రెండు బోనులు ఉంటాయి, ఒకటి దిగితే ఒకటి ఎక్కుతుంది. తాడు బరువు ఒక పక్కకి మొగ్గకుండా రెండు బోనుల అడుగు నుంచీ ఇంకో తాడు వేలాడదీస్తారు. అందుకే ఏది ఎంత దిగినా తూకం తప్పదు. ఆ తాడు వంక చూస్తూ ఎవాల్డ్ గంట మోగినా లివరు లాగడం మరిచాడు. కింద బోనులో జనం తిట్టారట. ఆయనకి వినబడలేదు.

ఇన్నాళ్ళూ ఆటకి అడుగు తాడు లేదు! ఎవడికి నష్టం జరిగినా దానికి తూగే లాభం వెంటనే వాడికి చేరాలి. నువ్వు కట్టె తీశావా, పక్కవాడికి గాలి పెరుగుతుంది. నీళ్ళు పంపావా, నీ బొగ్గు నీళ్ళతోపాటే వాడికి పోతుంది. నువ్వు గెలిచిన ప్రతి గింజకీ అంతే బరువు ఇంకో చోటి నుంచి నీ మీద వేలాడుతుంది. ఎవడికీ అన్యాయం జరగదు. జరగనప్పుడు కొట్టుకోవడానికి కారణం ఉండదు. శీతాకాలమంతా కూర్చుని ఎవాల్డ్ తూకం సరిచేశాడు.

ఇర్మ్‌ట్రౌట్ ఒక్క అవకాశం ఇచ్చింది. ఆదివారం భోజనాలయ్యాక, వంటింట్లో, తన కళ్ళ ముందు. ప్లమ్ పళ్ళ కేకు కోసి పెట్టి, ఊలు అల్లుతూ పొయ్యి పక్కన కూర్చుంది. ఇనప కడ్డీ ఒళ్ళో ఉంది.

"ఇదే ఆఖరు," అంది. "నా అన్న ఇవాళ నీ తమ్ముణ్ణి కొట్టినా, వాడు వీణ్ణి కొట్టినా, ఆ అట్టముక్క పొయ్యిలోకి పోతుంది. గురువారం కూడా దాంతోపాటే పోతుంది."

ఆట మొదలైంది. మూడో గని ఈసారీ ఎవాల్డే ఆడాడు. జీగ్మార్ నాలుగు కట్టెలు తీసి, అలవాటుగా పిడికిలి బిగించి ఎదురుచూశాడు. ఆల్ఫోన్స్ బోర్డు చూసి, తన గాలి పెరగడం చూసి, తల ఊపాడు.

"ఇది నాకు నష్టమేం కాదు."

"కాదా?"

"కాదు. నేనిప్పుడు తలుపు తీస్తాను. నీకు నీళ్ళొస్తాయి, బొగ్గు కూడా వస్తుంది. నీకు పర్లేదు కదా జీగ్మార్?"

సలాడు గిన్నె పగిలిన రోజు నుంచీ ఆల్ఫోన్స్ ఆ పేరు పలకలేదు. ఇర్మ్‌ట్రౌట్ అల్లిక ఆపింది. కేకు ఒక ముక్క ఆల్ఫోన్సే జీగ్మార్ వైపు జరిపాడు. నీ పంపు నడుపు, నా కట్టెలు తీసుకో, ముందు నువ్వు, కాదు నువ్వు. ఎవాల్డ్ మాట్లాడడం మొదలెట్టాడు. ఇంజను గురించి, అడుగు తాడు గురించి, ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పని సంగతులన్నీ. ఎదురుగా రెండు మొహాలు ఉన్నాయి. కాఫీ రెండోసారి కాచారు. కిటికీ బయట వెలుగు తగ్గి, దీపం వేశారు.

అప్పుడు జీగ్మార్ చెయ్యి గాల్లో ఆగింది.

"ఆగండి. ఒక్కసారి ఈ బోర్డు చూడండి."

చూశారు. కట్టెలన్నీ కుప్పలో ఉన్నాయి. గాలి ముల్లు పై గడిలో ఉంది. నీళ్ళు అడుగున, గుండీలు వరసగా గుమ్మాల దగ్గర. ఒక్క బఠాణీ ఎవడి దగ్గరా లేదు.

"మొదట పేర్చినట్టే ఉందే," అన్నాడు ఆల్ఫోన్స్ నెమ్మదిగా.

"భోజనం అయిన దగ్గర్నుంచీ ఆడుతున్నాం."

"అంటే ఎవడు గెలుస్తున్నట్టు?"

ఎవాల్డ్ మొహం వెలిగిపోయింది. "ఎవడూ కాదు! అదే కదా! తూకం చూశారా? ఎంత ఆడినా మళ్ళీ ఇక్కడికే వస్తుంది. ఒక్క గింజ తేడా రాదు. మొదట నాకే నమ్మకం కుదరలేదు."

"ఎంత ఆడినా?"

"ఎంత ఆడినా."

తమ్ముడూ బావమరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆల్ఫోన్స్ లేచి వెనక నుంచి ఎవాల్డ్ రెండు చేతులూ విరిచిపట్టాడు.

"నువ్వు కొట్టు. నా వేళ్ళు ఇంకా వంగట్లేదు."

"గట్టిగా పట్టుకో, దున్నలా ఉంటాడు."

"కానీ నీ చెయ్యి జాగ్రత్తరా, ఆ ఎముక ఇంకా పచ్చిదే."

"ఎడమ చేత్తో కొడతాలే."

ఎడమ చేత్తో కొట్టాడు. ముక్కు ఎముక మొదటి దెబ్బకే పక్కకి ఒరిగింది. రెండోది పక్కటెముకల్లో దిగింది, మూడోది అక్కడే. బల్ల తిరగబడింది, గుండీలు కూలీలై గదంతా పారిపోయాయి. ఎవాల్డ్ మోకాళ్ళ మీద పడ్డాక ఆల్ఫోన్స్ వంగని వేళ్ళతోనే బోర్డు అందుకుని, రెండు చేతులా ఎత్తి, ఆయన నెత్తిన పగలగొట్టాడు. అట్ట కింద ఎవాల్డ్ గట్టి చెక్క అతికించాడు, పనితనంలో లోపం లేదు. బోర్డు రెండు ముక్కలైంది. నెత్తురు కనుబొమల మీంచి నీలం పూసల్లోకి కారింది.

ఇద్దరూ వగర్చుతూ నిలబడ్డారు. ఆల్ఫోన్స్ జీగ్మార్ భుజం మీద చెయ్యేసి ఆనుకున్నాడు.

ఇర్మ్‌ట్రౌట్ లేవలేదు. కడ్డీ ఒళ్ళోనే ఉంది. వాళ్ళిద్దర్నీ, నేల మీది మొగుణ్ణీ కాసేపు చూసింది.

"ఆట అయినట్టేనా?" అని అడిగింది.

"బోర్డే లేదు ఇర్మీ, ఇంకేం ఆడతాం," అన్నాడు ఆల్ఫోన్స్.

"ఒకడి మీద ఒకడు చెయ్యెత్తారా?"

"వీడి మీదా?" జీగ్మార్‌కి నిజంగానే కోపం వచ్చింది. "వీడేం చేశాడు పాపం?"

నేల మీంచి ఎవాల్డ్ ఒక వేలు పైకెత్తాడు. ముక్కు మూసుకుపోయి మాట సరిగ్గా రాలేదు.

"ఎత్తలేదు. నేను... నేను సాక్షి."

ఇర్మ్‌ట్రౌట్ కడ్డీ పొయ్యి పక్కన పెట్టి, తడిగుడ్డ తెచ్చి మొగుడి మొహం మీద వేసింది.

"గురువారం ఏడింటికి రండి," అంది వాళ్ళతో. "బూట్లు బయటే విప్పండి."

గురువారం ఏడింటికి ఇద్దరూ వచ్చారు. ముగ్గురూ కూర్చుని పేకాడారు.